గంగారాం కడిగిన ఇంజను

అట్ల కాదే మల్లవ్వా, అట్ల కాదు. ఎన్నిసార్లు చెప్పాలె నీకు? బానెట్ లేపంగనే బుర్రుసు పట్టుకుంటరా ఎవరన్న? ముందుగాల చెయ్యి పెట్టి సూడు. అగో, ఆ లావు ఇనుము మీద, బ్లాకు మీద. అరచెయ్యి పెట్టకు, ఏళ్ల ఎనుక దిక్కు పెట్టు. అరచెయ్యి కాల్చుకుంటె నెల దినాలు పని బందైతది. నన్ను సూస్తవేంది? నా చేతులకు వేడి తెలుస్తదా, సల్ల తెలుస్తదా? తెలిస్తె నిన్నెందుకు పెడ్తుంటి ఈ పనికి?

తలకాయ ఊపినవ్ గని, వేడి ఉన్నదనా, లేదనా?

ఉన్నది. మరి ఆగు. పెంటయ్య ఇప్పుడే లారీ ఆపి పోయిండాయె. దసరా పండుగ పొద్దుగాల గూడ ఒక్క ఫేరీ మట్టి మోసి వస్తె గని వానికి తిన్నది అరగదు. వేడి ఇంజను మీద సల్లని నీళ్లు పడ్డయనుకో, బ్లాకు పర్రున పగుల్తది. గంగారాం పెండ్లాం కడిగింది, ఇంజను పగిలింది అంటరు. ఇప్పటికే నీ పేరు మీద పడ్డది చాలదా?

ఆ డబ్బ బోర్లేసుకొని కూసో. అర్ధగంట పడ్తది. జల్ది ఏమున్నది మనకు, పూజ మూడు గంటలకు.

ఏడాదాయె నువ్వు మాట్లాడక. కిందటి దసరా నాడు మూసినవ్ నోరు. నాతోనే కాదు, ఎవ్వరితోని లేదు. నల్లకాడ ఆడోళ్లు అడిగి అడిగి సాలించుకున్నరు. డాక్టరు నోట్ల బ్యాటరీ కొట్టి సూసిండు, గొంతు బాగనే ఉన్నదన్నడు. ఇగ నేనేం చెయ్యాలె? పది ఫీట్ల ఖోలి, ఒక్కటే అర్ర, ఉన్నది ఇద్దరం. స్టవ్వు సప్పుడు తప్ప ఇంకో సప్పుడు లేదు. అందుకే నేను వాగుతనే ఉంట. ఖాలీపీలి వాగుతడు గంగారాం అని పక్క ఖోలోళ్లు నవ్వుతరు, నవ్వనీ.

నువ్వు నోరు మూసుకున్నందుకు నాకు కోపం లేదు. తోడబుట్టినోడు కండ్ల ముంగట కాలిండు. నీ తమ్ముడు శివరాం, ఇరవై ఎనిమిదేండ్ల పిలగాడు, చేతిల లైసెన్సు, మొఖం మీద మీసం. వానికోసం నువ్వు మాట బందు వెట్టినవ్. పెట్టుకో. గని నిన్న పొద్దుగూకాల ఆ శాంతాబాయి మాట్లాడిన మాటకు నువ్వు తలకాయ ఊపి వచ్చినవ్ సూడు, అది నాకు సయిస్తలేదు.

ఆమె ఎవరే? చాల్‌ల, ఈ ఖోలీలన్నిటికి, పెద్ద మనిషి అంటరు. నలుగురు కోడండ్లను అదుపుల పెట్టింది, పోచమ్మ గుడి తాళం కొంగుకు కట్టుకున్నది, అంతేనాయె. మెట్ల కాడ అందరిని కూసోబెట్టి ఏమన్నది? కిందటేడు బండి పూజల మల్లవ్వ చేతిల హారతి జారింది, తమ్ముడు సచ్చిండు, దోషం ఉన్నది అన్నది. దసరా నాడు బండి పూజకాడ అరచేతిల కర్పూరం ముట్టించుకొని బండి సుట్టు మూడు సుట్లు తిరగాలె అన్నది. తిరిగితె దోషం పోతదట. అప్పుడు పసుపు బొట్టుకు పిలుస్తదట, వచ్చే ఏడు బతుకమ్మకు పిలుస్తదట.

అరచేతిల. పళ్లెం లేదు, తమలపాకు గూడ లేదు. మూడు సుట్లు అంటె ఎంత సేపు? లారీ అంటె సైకిలా? ఎంత జల్ది నడిసినా రెండు నిమిషాలు. చర్మం ఊడి వస్తది. నాకెరుక గద కాలుడు అంటె ఏందో.

నువ్వేమో సరే అన్నవ్. పొద్దుగాల లేసి తలకు పోసుకున్నవ్, ఒక్కపొద్దు ఉన్నవ్, మీదికెల్లి నాతోని ఇంజను కడుగుతానికి వచ్చినవ్. ఇంత మొండి మనిషిని నేను సూడలే.

మొన్న బతుకమ్మ నాడు గల్లీల ఆడోళ్లందరు సుట్టు తిరిగి ఆడంగ, నువ్వు పై మాలె కటకటాల కాడ నిలబడి సూసినవ్. నేను కింద నుంచి సూసిన నిన్ను. ఒక్క ముత్తైదువ తల ఎత్తి రమ్మనలే.

సరే, సూడు మల్లోసారి. సల్లబడ్డదా? మంచిది. ఇగ తాళంచెయ్యి తీసి నీ బొడ్లె చెక్కుకో. ఎందుకంటె పెంటయ్య వచ్చి తెలువక స్టార్ట్ కొడ్తె, ఫ్యాను నీ ఏళ్లు తీస్కపోతది. టైర్లకు రాళ్లు పెట్టినవా? ఎనుక గూడ? శాబాష్.

ఇప్పుడు బ్యాటరీ. నల్ల వైరు ముందు ఇప్పు. ఎర్రది కాదు, నల్లది. ఇప్పినంక గుడ్డ సుట్టి బాజూకు పెట్టు, ఇనుముకు తగలొద్దు. తగిల్తె నిప్పురవ్వ లేస్తది. ఇంజను కడిగేటప్పుడు రవ్వ అన్నదే ఉండొద్దు. బీడీ లేదు, అగ్గిపుల్ల లేదు, పది అడుగుల దూరం దాక. మా నాయన నేర్పిండు నాకు. ఆయన జీవితమంత బండ్లు కడిగిండు, ఒక్క ఏలు కాల్చుకోలే.

అగో, ఆ ప్లాస్టిక్ సంచులు తీసుకో. ఒకటి డైనమోకు సుట్టు. గట్టిగ, దారంతోని కట్టు. ఇంకోటి గాలి పోయే ఫిల్టరు మూతికి. దాంట్ల చుక్క నీళ్లు పోయినా ఇంజను కడుపుల రాడ్డు వంగుతది. నూనె కొలిచే పుల్ల ఉన్నది సూడు, దాని మూతికి గుడ్డ పెట్టు. రేడియేటర్ మూత ముట్టకు. నీళ్లు లోపల ఉడుకుతనే ఉంటయ్, పైన సల్లగ కనవడ్తది గని మోసం.

బాగ కడ్తున్నవ్. హోళీ నాడు మొదలువెట్టినవ్ ఈ పని, దసరాకు నాకంటె మంచిగ కడ్తున్నవ్. పెండ్లాంతోని లారీలు కడిగిస్తడు అని అన్నరు గద నన్ను. అననీ. వీళ్ల అవ్వలు తట్టలు మొయ్యలేదా? ఈ బొంబాయిల ఏ బిల్డింగుకు మనోళ్ల ఆడోళ్లు ఇటుక మొయ్యలే? మహబూబ్‌నగర్ నుంచి మీ తాత, మా తాత ఒక్క గుంపుల వచ్చిండ్రు, గడ్డపారలు భుజాన ఏసుకొని. మొగోళ్లు తవ్విండ్రు, ఆడోళ్లు మోసిండ్రు. ఇప్పుడు బుర్రుసు పట్టంగనే సిగ్గు వచ్చిందా వీళ్లకు?

సూడు, ముందు పొడి మట్టి. నీళ్లు పొయ్యకు ఇంక. ఆ వెదురు బద్దతోని గీకు, ఇనుప పట్టీతోని కాదు, వైర్లు తెగుతయ్. పునాదుల మట్టి ఇది, నల్లది. ఇంజను వేడికి ఎండి పెంకైతది. మెల్లగ కొట్టు, అదే ఊడుతది. రేడియేటర్ జాలికాడ మాత్రం మెత్తటి బుర్రుసు. ఆ రేకులు వంగినయంటె గాలి పోదు, బండి ఘాట్‌ల, గుట్ట ఎక్కంగ, ఉడుకుతది.

ఆ రోజు గూడ గిదే మట్టి. శివరాం బండి మీద.

ఎందుకట్ల ఆపినవ్? గీకు. పేరు తీసినంత మాత్రాన ఏమైతది? ఏడాది సంది నేను పేరు తీస్తలేనా?

ఇగో, స్టవ్వుల పోసే గాసునూనె. రేషన్ దుకాణంల లైన్ల నిలబడి తెచ్చింది, ఒంపకు. బుర్రుసు ముంచు, కింది నుంచి మీదికి రుద్దుకుంట పో. మీది నుంచి పెడితె కారి గీతలు పడ్తయ్. రుద్ది వదిలెయ్. అర్ధగంట నాననియ్యాలె. నానితె నూనె, మట్టి రెండు కలిసి అవ్వే జారుతయ్. దాని మీద సబ్బు నీళ్లు, లోటతోని, మీది నుంచి కిందికి. పైపు పెట్టి కొట్టొద్దు. తర్వాత గుడ్డతోని తుడిసి, బానెట్ బార్ల తెరిసి, మూడు గంటలు గాలికి. వాసన పొయ్యిందాక. ఆ వాసన ఉన్నంత సేపు ఎవడు దగ్గరికి రావద్దు. నేను జెప్పే దాంట్ల గిదే అసలు ముచ్చట.

మనోళ్ల ఆచారం ఒకటి ఉన్నది గద, లోకంల ఎవ్వరికి లేదు. సర్దార్జీలు బండి ముంగట కొబ్బరికాయ కొడ్తరు, పోతరు. మరాఠోళ్లు టైర్ల కింద నిమ్మకాయ పెడ్తరు, పోతరు. మనకట్ల చాలదు. తాతలు గడ్డపారకు మొక్కిండ్రు, తట్టకు మొక్కిండ్రు. పనిచేసే ఇనుముకే బొట్టు పెట్టాలె. అందుకని బానెట్ లేపి, ఇంజనుకు బొట్టు పెట్టి, నడిపేటోని అక్కనో చెల్లెనో వచ్చి ఇంజను మీద హారతి తిప్పాలె. అన్నకు, తమ్మునికి ఆయుష్షు అని. గా ఆయుష్షు కోసమే పళ్లెం పట్టినవ్ నువ్వు.

అంటె ఏమైతదో సూడు. పొద్దుగాల నూనెతోని కడిగిన ఇంజను మీద, పగటీలి నిప్పు తిప్పుతం. మా నాయన ఏండ్ల తరబడి భయపడిండు దీనికి. అందుకే పండుగ కడుగుడు ముందటి రోజే కడిగేటోడు. తెల్లారి కర్పూరం వచ్చేవరకు చుక్క వాసన ఉండకపోయేది.

కిందటి ఏడు శివరాం బండి ముందటి రోజు రాలే. వర్లీ దిక్కు పునాదులు తవ్వుతుంటిరి, మట్టి మోసుడు బందు కాలే. దసరా నాడు పొద్దున తొమ్మిదింటికి తెచ్చి నిలబెట్టిండు. ముహూర్తం పదిన్నరకు. బండి ఓనరు శంకర్రావు సేటు తెల్ల ధోతి కట్టుకొని చుట్టాలతోని వచ్చి కూసున్నడు. దాదర్ నుంచి పంతులును పిలిపించిండు, ఆయనకు ఇంకా రెండు పూజలున్నయట, గడియారం దిక్కే సూస్తుండె.

నాకు ఉన్నది గంటన్నర. గాసునూనె నానాలంటె అర్ధగంట, కడుగుడు అర్ధగంట, ఆరుడు మూడు గంటలు. ఎట్ల లెక్క కట్టినా కాదు. నేను సేటుకు చెప్పిన. సేట్, ఇయ్యాల బానెట్ మూసి, ముంగట హారతి తిప్పుదాం, ఇంజను రేపు కడుగుత అన్న. చెప్పిన మల్లవ్వా, పోచమ్మ సాక్షి, చెప్పిన. ఆయన నవ్విండు. చుట్టాల దిక్కు తిరిగి, మా గంగారాం ముసలోడైండు, పని తప్పించుకుంటుండు అన్నడు. చేతకాకపోతె చెప్పు, ఇంకొకన్ని పిలుస్త అన్నడు.

అందరు నవ్విండ్రు. శివరాం నవ్వలే. బావా, నీతోని కాంది ఏమున్నది అన్నడు. వాడు నా మీద భరోసాతోనే అన్నడు గని, అది నాకు సేటు నవ్వు కంటె ఎక్కువ తాకింది.

నీకెరుక గద నా సంగతి. నేను పనిచేసే మిల్లు బందైనంక మా ఖోలిల పొయ్యి ఎలిగిందంటె ఈ పనితోనే. గంగారాం కడిగిన ఇంజన్ల మొఖం సూసుకోవచ్చు అంటరు ఫాక్‌లాండ్ రోడ్డు మీద. ఆ ఒక్క మాట తప్ప నాకు ఏమున్నది? ఇల్లు ఉన్నదా, పిల్లలున్నరా?

సరే, ఆ ముచ్చట ఇడిసిపెట్టు. నువ్వు బుర్రుసు పెట్టు. ఆ మూలకు, పంపు కింద, ఎవ్వడు సూడడు అని ఇడుస్తరు అక్కడనే. అగో, గట్ల.

ఏంది? ఎందుకు సూస్తున్నవ్ నన్ను గట్ల?

నా చేతులు నిప్పుల పెట్టిన, నిజమే. నీ తమ్ముని అంగి పట్టి గుంజిన, గుడ్డ, చర్మం కలిసి నా ఏళ్లకు అంటుకున్నయ్. అందరు సూసిండ్రు. బామ్మర్ది కోసం నిప్పుల దునికిండు గంగారాం అన్నరు. దాదర్ల తెలుగోళ్ల సభల పిలిసి శాలువ కప్పిండ్రు. నువ్వు రాలే గద ఆ రోజు. చేతులకు పట్టీలుండె, పూలదండ పట్టుకోరాలే, మెడల ఏసిండ్రు. చప్పట్లు కొట్టిండ్రు. ఆ శాలువ సందూకుల పెట్టిన, మల్ల తియ్యలే. సలికి గూడ తియ్యలే, నువ్వు సూస్తనే ఉన్నవ్.

మల్లవ్వా, నువ్వు మూడు గంటలకు ఆ కర్పూరం పట్టుకోకు.

తలకాయ అడ్డం ఊపకు. పట్టుకోకు అంటున్న. నీ చేతిల ఏ దోషం లేదు.

మొగుడు గనుక అంటున్నడు అనుకుంటున్నవా? పెండ్లాం మీద పావురంతోని, ప్రేమతోని అంటున్నడు అనుకుంటున్నవా? పావురం ఉంటె ఏడాది సంది ఊకుందునా?

బుర్రుసు కింద పెట్టు ఒక్క నిమిషం. ఇటు సూడు. కాదు, ఇటు సూడకు. నువ్వు గట్ల సూస్తె చెప్పరాదు నాకు. ఇంజను దిక్కే సూడు.

గాసునూనెతోని కడగలే నేను శివరాం బండి.

టాక్సీ స్టాండుకు పోయిన. ఒకడు ఎరుకైనోడు ఉంటె సీసల పోపిచ్చుకున్న. పెట్రోలు. మట్టి మీద పోస్తె నానే పని లేదు, జర్ర జారిపోతది. పది నిమిషాలల్ల ఇంజను తళతళ మెరిసింది. నీళ్లు పొయ్యలే, పోస్తె ఆరదని. ఒట్టి గుడ్డతోని తుడిసిన. వాసన కొడుతుండె. పంతులు ముక్కు మూసుకుంటడు, సేటు అడుగుతడు అని బానెట్ మూసిన. ఊదుబత్తీలు తెచ్చి బంపరు కాడ పెట్టిన. ఊదుబత్తీలు, మల్లవ్వా. నా నాయన ఇంటె సమాధిల నుంచి లేసి కొడ్తుండె నన్ను.

మూసిన బానెట్ కింద ఆ పెట్రోలు ఆవిరి గంటసేపు కుదురుకున్నది. నాకు తెల్వదా? నాకు తెల్వకపోతె ఇంకెవనికి తెలుస్తది ఈ గల్లీల?

పదిన్నరకు బానెట్ లేపిండ్రు. శివరాం వంగి ఇంజనుల మొఖం సూసుకొని మీసం సవరించుకున్నడు. బావా, అద్దం లెక్క చేసినవ్ అన్నడు. సేటు చుట్టాలు వాహ్ అన్నరు. నాకు ఛాతి ఉబ్బింది. ఉబ్బింది, అబద్ధం ఎందుకు చెప్పాలె? వాడు బొట్టు పెడుతుండు. ఎనుక నువ్వు వస్తున్నవ్, కొత్త చీరె, రెండు చేతుల పళ్లెం, కర్పూరం ముట్టించి ఉన్నది.

ఆగు అంటె అయిపోవు. ఒక్క మాట. నోటిదాక వచ్చింది గూడ. గని ఆగు అంటె ఎందుకు అని సేటు అడుగుతడు. పెట్రోలు పోసిన అని చెప్పాలె, అందరి ముంగట. అప్పుడే గద వాహ్ అన్నరు. ఎండ ఉన్నది, ఆరిపోయి ఉంటది అనుకున్న. ఏం కాదు అనుకున్న. నువ్వు నాలుగు అడుగులు ఏసినవ్ అప్పటికి, నేను ఇంక అనుకుంటనే ఉన్న.

నీ చెయ్యి ఒణకలే. కర్పూరం జారలే. పళ్లెం ఇంజనుకు మూరెడు దూరంల ఉన్నది. నేను సూసిన. నిప్పు కింది నుంచి లేసి నీ పళ్లెం దాక వచ్చింది.

నువ్వు చెప్పినవ్ గద అందరికి. హవల్దారు వచ్చినప్పుడు చెప్పినవ్, శాంతాబాయికి చెప్పినవ్. నిప్పు కిందికెల్లి లేసింది, నేను పడెయ్యలే అని. వాళ్లు నా దిక్కు తిరిగిండ్రు. గంగారామే ఇంజన్లు కడిగేటోడు, ఆయననే అడుగుదాం అన్నరు. నేనేమన్న? గాసునూనెతోని కడిగిన, నీళ్లు పోసిన, తుడిసిన, నిప్పు పడ్తె తప్ప అంటుకోదు అన్న. ఆమెకు మతి తప్పింది, తమ్ముడు గద అన్న. చేతులు కాలి ఏడ్చుకుంట అన్న గనుక అందరు నమ్మిండ్రు.

అప్పుడు నన్ను సూసినవ్ నువ్వు. ఇగ మాట్లాడలే.

ఆడమనిషి చెయ్యి జారింది అంటె ఎవ్వరు జేల్ల పెట్టరు అనుకున్న. నాలుగు దినాలు అంటరు, మరుస్తరు. నా సంగతైతె కేసు, ఆ మీద ఎవడు బండి ఇస్తడు కడుగుతానికి? ఇద్దరం ఏం తినాలె? ఇట్లనే చెప్పుకున్న నాకు నేను. ఏడాది సంది చెప్పుకుంటున్న. నువ్వు అన్నం పెడ్తవ్, నేను తింట, చెప్పుకుంట.

ఇంకోటి ఉన్నది. ఇది చెప్తె నువ్వు నన్ను ఆ పారతోని కొట్టినా నేనేమనను.

హాస్పిటల్ల తొమ్మిది దినాలు ఉన్నడు గద వాడు. ఆరో దినం నువ్వు చాయ్ తెస్తానికి కిందికి పోయినవ్. పక్క మంచం మీద నేను, చేతులకు పట్టీలు. వాడు కండ్లు తెరిసిండు. బావా, వాసన వచ్చింది నాకు, వంగినప్పుడే వచ్చింది, పెట్రోలు అన్నడు. డ్రైవరు గద, వాసన పట్టడా? నేను మొఖం గోడ దిక్కు తిప్పుకున్న. వాడు నన్ను తిట్టలే మల్లవ్వా. తిట్టినా బాగుండు. ఏం చేస్తివి బావా అని గూడ అనలే. అక్కకు చెప్పు అన్నడు. అక్క తన చెయ్యే అనుకుంటది, బతికినన్ని దినాలు అదే అనుకుంటది, చెప్పు బావా అన్నడు.

సరే అన్న. నువ్వు చాయ్ తెచ్చినవ్, నా నోట్ల పోసినవ్, నేను తాగిన.

చెప్పలే.

ఇప్పుడెందుకు చెప్తున్న అంటవా? మంచోన్నైపోయిన అనుకుంటున్నవా? కాదు. నీకు చెప్తె ఎవ్వరికి తెల్వదు. నువ్వు మాట్లాడవు గద. ఏడాది సంది కడుపుల పెట్టుకున్నది నీ కాడ ఒంపుకుంటె నాకు బరువు దిగి హల్క అయితది, నువ్వు చెయ్యి కాల్చుకోవు, గల్లీకి తెల్వదు. గిట్లనే లెక్క కట్టుకొని వచ్చిన పొద్దుగాల. సూసినవా నీ మొగుడు ఎంత తెలివిగలోడో.

పూజ కాడికి పోకు. కడుపు నొస్తుంది అను. అంటె, నేను అంట నీ తరఫున. శాంతాబాయి ఏమన్న అంటె నేను చూసుకుంట.

ఏడికి పోతున్నవ్? మల్లవ్వా. ఆ నూనె చేతులు తుడుసుకో, చీరెకు అంటుతది. ఇంజను సగంల ఉన్నది, నీళ్లు పొయ్యాలె ఇంక.

ఇటు రా. గుడి దిక్కు పోకు ఇప్పుడే, అక్కడ శాంతాబాయి ముగ్గు ఏపిస్తుంది. అందరున్నరు.

ఏమన్నవ్?

మల్లోసారి అను. నువ్వేనా అన్నది?

మెల్లగ అనరాదా. ఏడాదికి నోరు తెరిసి గంత గట్టిగ శాంతక్కా అంటె పై మాలెలోళ్లు గూడ తొంగి సూస్తున్నరు. గొంతు గరగరమంటుంది నీకు, జర నీళ్లు తాగు ముందు. తాగవా. సరే.

అగో, లేసిండ్రు. ఆమె వస్తుంది, కోడండ్లు వస్తున్నరు. పెంటయ్య గూడ వస్తుండు. చెప్పు ఇగ, నేను ఆపుతలేను. నువ్వు చెప్పుడు అయినంక వాళ్లు నా దిక్కే తిరుగుతరు. ఈసారి గూడ నన్నే అడుగుతరు, ఏమయ్యా గంగారాం, నిజమేనా అని.

ఏమంటనో నాకే తెల్వదే మల్లవ్వా.